కొత్తగా కట్టిన 1969 కమారో: మొదటి 1,500 కిలోమీటర్లలో బయటపడ్డ లోపాలు, వాటి అసలు కారణాలు

బండి 1969 మోడల్ షెవర్లే కమారో. బాడీ ఒక్కటే పాతది, లోపలిదంతా కొత్తది. 6.2 లీటర్ల ఎల్‌ఎస్3 ఇంజన్ (జనరల్ మోటార్స్ వారి ఆధునిక వీ8), ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్, 3.55 నిష్పత్తి డిఫరెన్షియల్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, బ్రేక్ పెడల్‌కు బలం కలిపే వాక్యూమ్ బూస్టర్, అల్యూమినియం రేడియేటర్, దాని వెనక రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు ఉన్నాయి. పెట్రోల్ పంపు ట్యాంకు లోపలే ఉంది. బ్యాటరీ డిక్కీలో ఉంది. వెనక సస్పెన్షన్ మాత్రం అప్పటిలాగే కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మీదే ఉంది. టైర్లు 245/45, రిమ్ములు 17 అంగుళాలు.

మొదటి 160 కిలోమీటర్లు తిరిగేసరికి ఆరు ఫిర్యాదులు తేలాయి. నిలబడి ఉంటే టెంపరేచర్ ముల్లు 115 దాకా ఎక్కుతోంది. పావుగంట నడిపాక బ్రేకులు వాటంతట అవే పట్టేస్తున్నాయి. వేడి మీద ఆపి మళ్లీ తిప్పితే సెల్ఫ్ మూలుగుతోంది, ఒక్కోసారి స్టార్టయ్యాక ఇంజన్ తనంతట తానే పవర్ తగ్గించుకుంటోంది. మూడో గేర్లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే దగ్గుతోంది. 100 కిలోమీటర్ల వేగం దాటాక నేల, సీటు రెండూ సన్నగా వణుకుతున్నాయి. గేర్‌బాక్స్ ముందు భాగం కింద ఆయిల్ చుక్క కనబడుతోంది.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ ఆరింటిలో ఏ ఒక్కదానికీ చెడిపోయిన పార్టు కారణం కాదు. రేడియేటర్ మంచిదే, పంపు మంచిదే, పెడల్ ఒత్తిడిని బ్రేక్ ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ మంచిదే. ఫ్యాక్టరీ బండిలో ప్రతి పార్టూ పక్కదాని కొలత తెలిసి తయారవుతుంది. ఇలా కట్టిన బండిలో పదిచోట్ల నుంచి వచ్చిన పార్టులు మొదటిసారి ఒకదాన్నొకటి కలుస్తాయి, లోపం దాదాపు ఎప్పుడూ ఆ కలిసేచోటే ఉంటుంది. అందుకే పార్టు మార్చి చూద్దాం అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మంచి పార్టు తీసి ఇంకో మంచి పార్టు పెడితే కొత్త తేడా ఇంకొకటి పుట్టుకొస్తుంది.

పని వరుస కూడా ముఖ్యమే. బండి ఆగాలి కాబట్టి ముందు బ్రేకులు చూడాలి. తర్వాత ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే దారి) చూడాలి, ఎందుకంటే ఎర్త్ సరిగా లేని బండిలో ఏ మీటరూ నిజం చెప్పదు, ఆ లెక్కలు పట్టుకుని చేసే పనంతా వృథా అవుతుంది. ఆ తర్వాతే కూలింగ్, పెట్రోల్, వణుకు. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. మార్పుకు ముందు ఒక కొలత, తర్వాత అదే చోట అదే పరిస్థితిలో ఇంకో కొలత తీసి, రెండూ పుస్తకంలో పక్కపక్కన రాయాలి.

కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. మల్టీమీటర్, స్కాన్ టూల్ (ఇంజన్ కంప్యూటర్‌ను చదివే పరికరం), ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, వైరు థర్మామీటర్, డిజిటల్ యాంగిల్ గేజ్, ఫ్యూయల్ ప్రెజర్ గేజ్, టార్క్ రెంచ్, పెయింట్ మార్కర్ ఉంటే చాలు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే అల్యూమినియం మీద చాలా తక్కువ చూపిస్తుంది. కొలిచే ప్రతిచోటా మెరుపు లేని నల్ల పెయింట్ చుక్క పెట్టి ఆ చుక్క మీదే కొలవాలి.

బ్రేకులు

చల్లగా ఉన్నప్పుడు చక్రాలు చేత్తో తిప్పితే హాయిగా తిరిగాయి. 15 కిలోమీటర్ల తర్వాత పెడల్ పైకి వచ్చేసి రాయిలా అయింది. వాలు మీద న్యూట్రల్లో వదిలినా బండి కదల్లేదు. డిస్కుల వేడి ముందు ఎడమ 210, ముందు కుడి 205, వెనక రెండూ 120 డిగ్రీల దగ్గర ఉంది.

ఈ నాలుగు అంకెలతోనే సగం పని అయిపోతుంది. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీదకు నొక్కేది) బిగుసుకున్నా, హోసు లోపల ఉబ్బినా ఒక్క చక్రమే కాలుతుంది. నాలుగూ కాలుతున్నాయంటే లోపం పైన, మాస్టర్ సిలిండర్ దగ్గరో అంతకంటే వెనకో ఉంది. ముందు చక్రాలు ఎక్కువ కాలడం వింతేమీ కాదు, వాటి పిస్టన్లు పెద్దవి.

దీన్ని బ్రేకులు పట్టేసి ఉన్నప్పుడే పరీక్షించాలి. చల్లారాక చూస్తే ఏమీ దొరకదు. బండిని స్టాండ్ల మీదకు ఎత్తి, మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచే రెండు నట్లు లూజు చేసి సిలిండర్‌ను 3, 4 మి.మీ. ముందుకు జరపాలి. చక్రాలు వదిలేస్తే, బూస్టర్ నుంచి సిలిండర్ పిస్టన్‌ను నెట్టే పుష్‌రాడ్ పొడవెక్కువైంది, లేదా పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. వదలకపోతే సిలిండర్ దగ్గర పైపు నట్టు కాస్త లూజు చేయాలి. అప్పుడు వదిలితే ఒత్తిడి సిలిండర్‌లో నిలిచిపోతోందన్నమాట. అప్పటికీ వదలక, క్యాలిపర్ బ్లీడర్ (గాలి తీసే స్క్రూ) తెరిస్తేనే వదిలితే తప్పు పైపులోనో హోసులోనో వాల్వ్‌లోనో ఉంది. ఈ బండిలో మొదటి అడుగులోనే నాలుగు చక్రాలూ వదిలేశాయి.

కారణం ఇది. మాస్టర్ సిలిండర్లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు దాని ముందు ఒక చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. వేడికి వ్యాకోచించిన బ్రేక్ ఆయిల్ ఆ రంధ్రం గుండానే డబ్బాలోకి తిరిగి వెళ్తుంది. పుష్‌రాడ్ కాస్త పొడవుంటే పిస్టన్ ఎప్పుడూ ఆ రంధ్రాన్ని మూసే ఉంచుతుంది. ఆయిల్ వ్యాకోచిస్తుంది, పోయే దారి ఉండదు, ప్యాడ్లు డిస్కును నొక్కుతాయి, ఇంకా వేడి పుడుతుంది, ఇంకా వ్యాకోచిస్తుంది. బూస్టర్ ఒక తయారీది, సిలిండర్ ఇంకో తయారీది కావడంతో పిస్టన్ గుంట లోతుకూ పుష్‌రాడ్ పొడవుకూ పొంతన లేదు.

కొలవడానికి పుష్‌రాడ్ కొనకు పిల్లలు ఆడుకునే మెత్తని క్లే ముద్ద చిన్నది అంటించి, ఇంజన్ ఆన్‌లో ఉండగా సిలిండర్‌ను నట్లతో పూర్తిగా బిగించి తీశాం. ముద్ద పూర్తిగా చితికి, రాడ్ కొన లోహం దాన్ని దాటి బయటకు కనబడింది. అంటే సందు అసలే లేదు. డెప్త్ గేజ్‌తో కొలిస్తే రాడ్ 0.8 మి.మీ. ఎక్కువ పొడవు తేలింది. కొనలోని సర్దుబాటు బోల్టును 1.3 మి.మీ. లోపలికి తిప్పితే 0.5 మి.మీ. సందు వచ్చింది. సందు మరీ ఎక్కువ ఇవ్వకూడదు, పెడల్ ఉత్తుత్తిగా దిగే దూరం పెరుగుతుంది. పెడల్ కూడా చూడాలి. బ్రేక్ లైట్ స్విచ్ పెడల్‌ను ముందుకు నెట్టి ఉంచితే రాడ్ ఎంత సరిచేసినా ఇదే జబ్బు తిరిగొస్తుంది.

ఇలాంటి బండ్లలో ఇంకో తప్పు కూడా తరచుగా కనబడుతుంది కాబట్టి చెబుతున్నాను. డ్రమ్ బ్రేకుల కోసం పెట్టే 10 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వ్ (లైనులో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచేది; పీఎస్ఐ ఒత్తిడి కొలమానం) డిస్కుల లైనులో మిగిలిపోతే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. మాస్టర్ సిలిండర్ నేల కింద, క్యాలిపర్ల కంటే దిగువన ఉంటేనే డిస్కులకు 2 పీఎస్ఐ వాల్వ్ అవసరం. ఇక్కడ సిలిండర్ ఫైర్‌వాల్ మీద ఎత్తులో ఉంది కాబట్టి ఏ వాల్వూ అక్కర్లేదు, లేదని నిర్ధారించుకున్నాం.

ప్యాడ్ల ముఖం అద్దంలా మెరిసిపోయింది. 120 నంబర్ ఎమెరీ కాగితంతో ఆ పొర తీసి, తాజా డాట్ 4 ఆయిల్ నింపి, గాలి తీశాం. డాట్ 4కు పొడి స్థితిలో కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు, డాట్ 3కి 205. తర్వాత 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి పదిసార్లు తగ్గించి, ఎక్కడా పూర్తిగా ఆపకుండా, చివర్లో చల్లారే దాకా నెమ్మదిగా నడిపాం. ఆ తర్వాత 25 కిలోమీటర్ల ప్రయాణంలో ముందు డిస్కులు 90, వెనకవి 60 దాటలేదు.

ఎర్త్

వైరింగ్ బాగున్నట్టే కనబడింది. లోపం కంటికి కనబడదు, మీటరుకే దొరుకుతుంది. మీటరు ఒక తీగ ఇంజన్ బ్లాకు మీద గీకిన చోట, రెండోది బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంప్ మీద కాదు) పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. 0.2 వోల్ట్ లోపు రావాలి. ఇక్కడ 1.7 వచ్చింది. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 10.4 వోల్టులున్నాయి, పాజిటివ్ కేబుల్ మింగింది 0.35 మాత్రమే. అంటే సెల్ఫ్ మోటారుకు దక్కుతున్నది 8.35 వోల్టులు. చల్లటి ఇంజన్ ఎలాగో తిరుగుతుంది, వేడి ఇంజన్ దగ్గర మూలుగుతుంది.

1.7 వోల్టులూ ఎక్కడ పోతున్నాయో విడదీశాం. బాడీ నుంచి బ్యాటరీకి 0.3, ఇంజన్ నుంచి బాడీకి 1.4. ఇంజన్ ఎర్త్ పట్టీని ముందు సబ్‌ఫ్రేమ్‌కు (ఇంజన్‌ను మోసే చట్రానికి) బిగించారు. మామూలు బండిలో అది ఫర్వాలేదు. ఈ తరం కమారోలో ముందు సబ్‌ఫ్రేమ్ బాడీకి రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది, రబ్బరు గుండా కరెంటు పోదు. పైగా ఈ ఫ్రేముకు పౌడర్ కోటింగ్ వేశారు. విప్పి చూస్తే కోటింగ్ మీద పట్టీ ఉంగరం ముద్ర గుండ్రంగా పడి ఉంది, బోల్టు మరలు గీరుకున్న ఒక పక్క మాత్రం గోటి మొన అంత లోహం మెరుస్తోంది. ఇంజన్ కరెంటంతా ఆ మెరుపు గుండానో, స్టీరింగ్ రాడ్డు, ఎగ్జాస్ట్ హ్యాంగర్లు, క్లచ్ హోసు స్టీలు అల్లిక గుండానో పోతోంది.

డిక్కీలోని బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా బెల్ హౌసింగ్ (ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య గూడు) బోల్టుకు 50 చదరపు మి.మీ. కేబుల్ ఒకటి వేశాం. ఇంజన్ నుంచి ఫైర్‌వాల్‌కు 35, సబ్‌ఫ్రేమ్ నుంచి బాడీకి 16 చదరపు మి.మీ. పట్టీలు వేశాం. ప్రతిచోటా 25 మి.మీ. వలయం తెల్లటి లోహం కనబడేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, ఆ తర్వాత పైన పెయింట్ పూశాం. లగ్గులను హైడ్రాలిక్ టూలుతో నొక్కించాలి. సోల్డర్ చేసిన లావు కేబుల్ సోల్డర్ ఆగినచోట గట్టిపడి, వణుకుకు అక్కడే తెగుతుంది. మార్పు తర్వాత సెల్ఫ్ కొట్టినప్పుడు 0.17 వోల్టులే పోతున్నాయి.

పవర్ తగ్గించుకోవడానికి స్కాన్ టూలులో పీ2135 కోడ్ దొరికింది. థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు) లోపలి రెండు సెన్సర్లు ఒకదానితో ఒకటి పొసగకుండా చెబుతున్నాయని దాని అర్థం. ఈ కోడ్ చూడగానే థ్రాటిల్ బాడీ మార్చేవాళ్లే ఎక్కువ. ముందు వోల్టేజ్, ఎర్త్ చూడాలి. ఎర్త్ సరిచేశాక కోడ్ చెరిపేస్తే 1,500 కిలోమీటర్లలో మళ్లీ రాలేదు.

కూలింగ్

ఎర్త్ ముందు ఎందుకు చేయాలో ఇక్కడ తేలింది. పాత ఎర్త్‌తో ఫ్యాన్లు తిరగగానే డ్యాష్‌బోర్డు ముల్లు ఒక్క క్షణంలో ఏడెనిమిది డిగ్రీలు పైకి గెంతేది. ఫ్యాన్ తిరిగితే వేడి తగ్గాలి గానీ పెరగదు! అదే సమయంలో స్కాన్ టూలు అంకె కదల్లేదు. కారణం ఇలా ఉంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరే కరెంటు పుట్టిస్తుంది, దాని నెగటివ్ ఇంజన్ బ్లాకే. ఫ్యాన్లు, లైట్లు వాడుకున్న 60 ఆంపుల కరెంటు బాడీ నుంచి ఆ చెడ్డ పట్టీ గుండానే ఇంజన్‌కు తిరిగి రావాలి. అందువల్ల బాడీ ఇంజన్ కంటే 0.45 వోల్ట్ పైన నిలబడింది. ముల్లు మీటరు ఎర్త్ బాడీ మీద, దాని సెండర్ (వేడి కొలిచే ముక్క) ఎర్త్ ఇంజన్ మీద. ఆ తేడాను మీటరు వేడి అనుకుంటుంది. ఇంజన్ కంప్యూటర్ సెన్సర్‌కు సొంత తిరుగు వైరు ఉంటుంది కాబట్టి అది మోసపోలేదు. కొత్త ఎర్త్ తర్వాత ముల్లు, స్కాన్ టూలు రెండు డిగ్రీల తేడాలో కలిసి నడిచాయి.

మోసం పోయాక అసలు జబ్బు మిగిలింది. 80 కిలోమీటర్ల వేగంలో 92 డిగ్రీలు, నిలబడి 12 నిమిషాలు ఉంటే 108. వేగంలో బాగుందంటే రేడియేటర్ సామర్థ్యానికి లోటు లేదు. దాన్ని మార్చాలనే ఆలోచన అక్కడే వదిలేయాలి. అదే తలకిందులుగా, నిలబడితే బాగుండి వేగంలో కాలితే రేడియేటర్, పంపు, లోపలికి పీల్చుకుపోయే కింది హోసు అనుమానించాలి.

స్కాన్ టూలు గీతలో ఇంకో సంగతి కనబడింది. వేడి నెమ్మదిగా ఎక్కకుండా 98 నుంచి 106కు గెంతి, కొన్ని సెకన్లలో మళ్లీ 99కి పడేది. హీటర్ ఒకసారి వేడి గాలి, ఒకసారి చల్ల గాలి ఇచ్చేది. ఇది లోపల ఆవిరి తిరుగుతున్న లక్షణం. ఎల్‌ఎస్ ఇంజన్లలో సిలిండర్ హెడ్ల పై మూలల్లో ఆవిరి బయటకు పోవడానికి చిన్న దారులుంటాయి. ఎల్‌ఎస్3లో వెనక రెండూ మూసి, ముందు రెండింటినీ ఒక సన్నని పైపుతో కలుపుతారు. ఆ పైపు చివర రేడియేటర్ పై భాగానికో, ఎత్తులో ఉన్న కూలెంట్ ట్యాంకుకో కలవాలి. ఈ బండిలో దాన్ని కలిపే చోటు రేడియేటర్ మీద లేదని రబ్బరు క్యాప్ పెట్టి మూసేశారు. ఎల్‌ఎస్ ఇంజన్ పాత బండిలో పెట్టినప్పుడు నేను మొదట చూసేది ఈ క్యాప్ కోసమే.

రేడియేటర్ పక్క ట్యాంకు పై అంచున బుష్ వెల్డింగ్ చేయించి, ఆ పైపును 6 మి.మీ. హోసుతో అక్కడికి కలిపాం. ముందు చక్రాలను 30 సెం.మీ. ఎత్తి, కూలెంట్, నీళ్లు సగం సగం కలిపి నింపి, హీటర్ పూర్తిగా తెరిచి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి గాలి తీశాం. గెంతులు ఆగిపోయాయి. నిలబడితే ఎక్కే వేడి 108 నుంచి 104కు దిగింది.

మిగిలింది గాలి దారి. ఫ్యాన్లు సరైన వైపే తిరుగుతున్నాయి. రేడియేటర్ ముందు పెట్టిన కాగితం అతుక్కుని నిలబడింది. ఫ్యాన్ కనెక్టర్ దగ్గర 13.1 వోల్టులున్నాయి. వైరు థర్మామీటర్ రేడియేటర్ ముందు కట్టి చూస్తే జవాబు దొరికింది. బయట గాలి 30 డిగ్రీలు, రేడియేటర్‌లోకి పోతున్న గాలి 46. వెనక నుంచి వచ్చిన వేడి గాలే బానెట్ కింద 25 మి.మీ. సందులోంచి, రెండు పక్కల నుంచి చుట్టు తిరిగి మళ్లీ ముందుకొస్తోంది. బండి కదులుతుంటే ఎదురుగాలి దీన్ని ఆపుతుంది, నిలబడితే ఆపేదేదీ లేదు. పైన రబ్బరు పట్టీ, పక్కలకు అల్యూమినియం రేకు, కింద ఒక పలక పెట్టి సందులు మూశాం. లోపలికి పోయే గాలి 33కు దిగింది, ఇంజన్ 96 దగ్గర నిలబడింది. థర్మోస్టాట్ 86 డిగ్రీలది, మొదటి ఫ్యాన్ 93కి, రెండోది 98కి పెట్టాం. థర్మోస్టాట్ తెరుచుకునే అంకె కంటే కింద ఫ్యాన్ పెడితే అది జీవితాంతం ఆగకుండా తిరుగుతుంది.

పెట్రోల్

ప్రెజర్ గేజ్ పొడవాటి హోసుతో అద్దం బయట, వైపర్ దగ్గర కట్టి నడపాలి. పెట్రోల్ హోసును ఎట్టి పరిస్థితిలోనూ లోపలికి తేకూడదు. మామూలుగా 58 పీఎస్ఐ నిలిచింది. మూడో గేర్లో పూర్తి యాక్సిలరేటర్ మీద 46కు పడింది, సరిగ్గా దగ్గు మొదలయ్యే చోటే.

ప్రెజర్ పడగానే పంపు మార్చడం, లేదా ట్యూనింగ్‌లో ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం పెంచడం రెండూ తప్పు దారులు. ముందు పంపు దగ్గర వోల్టేజ్ చూడాలి, అదీ పంపు నడుస్తున్నప్పుడు, కనెక్టర్ విప్పకుండా. ఆల్టర్నేటర్ దగ్గర 13.8, పంపు దగ్గర 11.4. తేడా 2.4 వోల్టులు. ముందున్న రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) సాకెట్‌లో 0.9, అక్కడి నుంచి వెనక్కి వచ్చే 2 చదరపు మి.మీ. వైరులో 0.5, ట్యాంకు పక్కన బాడీకి కొట్టిన ఎర్త్ స్క్రూ దగ్గర 1.0.

బ్యాటరీ డిక్కీలో, పంపు డిక్కీ కిందే. అయినా హార్నెస్ తయారైన తీరు వల్ల కరెంటు వెనక నుంచి ముందుకు వెళ్లి, రిలే దాటి మళ్లీ వెనక్కి వస్తోంది! రిలేను బ్యాటరీ పక్కకు మార్చి, 15 సెం.మీ. లోపే 20 ఆంప్ ఫ్యూజు పెట్టి, 5 చదరపు మి.మీ. వైరు ఒక మీటరు వేస్తే సరిపోయింది. పాత వైరు ఇప్పుడు రిలేకు సంకేతం ఇవ్వడానికే. ఆ సంకేతం ఇంజన్ కంప్యూటర్ నుంచే రావాలి, ఇంజన్ ఆగితే పంపు కూడా ఆగేలా. ప్రమాదంలో పంపు ఆపే ఇనర్షియా స్విచ్ కూడా అదే వైరు మీద పెట్టాం. పంపు ఎర్త్ నేరుగా బ్యాటరీకి వేశాం. పంపు దగ్గర 13.2 వోల్టులు, ప్రెజర్ ఎక్కడా 57 కిందకు రాలేదు.

ట్యాంకు వెంట్ (గాలి రంధ్రం) మూసుకుపోయినా ఇలాగే ప్రెజర్ పడుతుంది. మూత తీసినప్పుడు గాలి బుస్సుమని లోపలికి పీల్చుకుంటే అదీ కారణం. ఇక్కడ అలా లేదు. పైపుల జాయింట్ల విషయంలో ఒక్క మాట: ఏఎన్ ఫిట్టింగుల (విమాన ప్రమాణపు మరల జాయింట్ల) కోణం 37 డిగ్రీలు, మామూలు బ్రేక్ పైపుల ఫ్లేర్ (విప్పారిన కొన) 45 డిగ్రీలు. రెండూ చేత్తో కలిస్తే కలుస్తాయి, మొదటి రోజు కారవు కూడా. వేడికీ వణుకుకూ తర్వాత కారతాయి. ప్రతి జాయింటూ విప్పి చూడాల్సిందే.

వణుకు

వణుకు ఇంజన్‌దా, చక్రాలదా, గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు పోయే ప్రొపెల్లర్ షాఫ్టుదా అన్నది ఊహించే విషయం కాదు, లెక్క. 105 వేగంలో క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసినా వణుకు అలాగే ఉంది, అంటే ఇంజన్ కాదు. ఈ టైరు చుట్టుకొలత 2.05 మీటర్లు. 105 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి దాదాపు 854 సార్లు, అంటే సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. దాన్ని డిఫరెన్షియల్ నిష్పత్తి 3.55తో గుణిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ సెకనుకు 50 సార్లు. టైరు బ్యాలెన్స్ తప్పు అయితే 14 హెర్ట్జ్ (సెకనుకు 14 సార్లు), షాఫ్ట్ బ్యాలెన్స్ లేదా వంపు అయితే 50, షాఫ్ట్ రెండు కొనల్లోని యూనివర్సల్ జాయింట్ల కోణం తప్పైతే ఒక చుట్టుకు రెండు కుదుపులు కాబట్టి 100. ఫోనును సీటు పట్టాల దగ్గర నేలకు గట్టిగా అతికించి వణుకు కొలిచే యాప్‌తో చూస్తే శిఖరం 100 దగ్గర నిలబడింది. ఒకవేళ ఫోను యాప్ అంత వేగం కొలవలేకపోతే తప్పుడు అంకె చూపిస్తుంది, దాని కొలత హద్దు ముందే చూసుకోవాలి.

కోణాలు కొలిచే ముందు కమాన్ పట్టీల కళ్ల (చివరి రంధ్రాల) బోల్టులు చూడాలి. బండి వెనక ఎడమవైపు 12 మి.మీ. ఎత్తుగా కూర్చుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా ఆ బోల్టులు బిగించారు. రబ్బరు బుష్ ఆ స్థితిలో పట్టుకుని, బండి కిందకు దిగాక మెలితిరిగి స్ప్రింగులా పైకి నెడుతుంది, కొన్నాళ్లకు చిరుగుతుంది కూడా. బండిని నేల మీద బరువుతో నిలబెట్టి, బోల్టులు లూజు చేసి, వెనక భాగాన్ని నాలుగైదుసార్లు ఊపి, అప్పుడు బిగించాలి. అలా చేశాక ఎత్తు తేడా 3 మి.మీ.కి వచ్చింది.

ఇప్పుడు కోణాలు. గేర్‌బాక్స్ వెనక్కి 3.0 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్ట్ 4.5, పినియన్ (డిఫరెన్షియల్‌లో షాఫ్ట్ తిప్పే గేరు) 0.5. ముందు జాయింట్ పనిచేసే కోణం 1.5, వెనకది 4.0. రెండూ దాదాపు సమానంగా ఉంటే ఒక జాయింట్ పుట్టించే కుదుపును రెండోది రద్దు చేస్తుంది. తేడా ఒక డిగ్రీ లోపు, ఒక్కో కోణం 3 డిగ్రీల లోపు ఉండాలి. పూర్తిగా సున్నా కూడా మంచిది కాదు, సూది బేరింగులు ఒకేచోట నిలబడి గుంటలు పడతాయి.

2 డిగ్రీల స్టీలు వెడ్జ్‌లు (ఏటవాలు పలకలు) కమాన్ పట్టీకీ యాక్సిల్ ప్యాడ్‌కూ మధ్య పెట్టాం. అల్యూమినియం వెడ్జ్‌లు ఇంత టార్క్ కింద నలిగి పగులుతాయి, వాడకూడదు. లెక్క ప్రకారం 2.5 డిగ్రీలు పెట్టాలి కదా అనిపిస్తుంది. కమాన్ పట్టీలున్న బండిలో యాక్సిలరేటర్ తొక్కగానే పినియన్ ముక్కు పైకి లేస్తుంది, ఆ కదలికకు కాస్త చోటు వదలాలి. వెడ్జ్ పెట్టాక షాఫ్ట్ కోణం కూడా మారుతుంది, చాలామంది దీన్ని మరిచిపోతారు. పినియన్ ముక్కు పైకి లేచినప్పుడు షాఫ్ట్ వెనక కొన కూడా లేస్తుంది. మళ్లీ కొలిస్తే షాఫ్ట్ 4.1, పినియన్ 2.5. ముందు కోణం 1.1, వెనక కోణం 1.6, తేడా 0.5. 105 దగ్గర వణుకు పోయింది. 130 దగ్గర, చక్రం తిరిగే 17, 18 హెర్ట్జ్ మధ్య, చిన్న అదురు మిగిలితే, అది ఒక ముందు టైరు బ్యాలెన్స్‌తో తీరింది.

ఆయిల్ చుక్క

గేర్‌బాక్స్ ముందు కారితే అందరి చూపూ ఇంజన్ వెనక సీలు మీదకే పోతుంది. దానికోసం గేర్‌బాక్స్ దించాలి. దించే ముందు ఆయిల్లో యూవీ రంగు కలిపి, ఇంజన్ వెనక భాగం కడిగి, 40 కిలోమీటర్లు నడిపి లైటు వేసి చూశాం. రంగు సీలు దగ్గర కాదు, ఇంజన్ పైన వ్యాలీ కవర్ (రెండు సిలిండర్ వరుసల మధ్య మూత) వెనక అంచున, ఆయిల్ ప్రెజర్ సెన్సర్ మొదట్లో మెరిసింది. అక్కడి నుంచి బ్లాకు వెనక గోడ మీదుగా బెల్ హౌసింగ్ దాకా సన్నని గీత. సెన్సర్ విప్పి, కూర్చునే చోటు తుడిచి, కొత్త సీలుతో బిగిస్తే ఆగింది. గంట కూడా పట్టలేదు.

బిగింపులు, ఆ తర్వాత

చక్రాల నట్లు 80 కిలోమీటర్లకు ఒకసారి, 300కు ఒకసారి టార్క్ రెంచ్‌తో చూడాలి. కొత్త అల్యూమినియం రిమ్ములో నట్టు కూర్చునే చోటు మొదట్లో కాస్త దిగుతుంది. హెడర్ (ఎగ్జాస్ట్ పైపుల) బోల్టులను ఇంజన్ పూర్తిగా చల్లారాకే బిగించాలి. ఈ బండిలో మొదటి మూడుసార్లు వేడెక్కి చల్లారినప్పుడు ఆరు బోల్టులు పావు చుట్టు చొప్పున తిరిగాయి, నాలుగోసారి ఏదీ కదల్లేదు. బిగించిన ప్రతి సస్పెన్షన్, స్టీరింగ్ నట్టు మీదా పెయింట్ మార్కర్‌తో గీత గీయాలి. తర్వాత రెంచ్ అక్కర్లేదు, గీత విరిగిందో లేదో చూస్తే చాలు.

అలైన్‌మెంట్ కావాలనే 500 కిలోమీటర్ల తర్వాత చేయించాం, స్ప్రింగులు దిగాక, డ్రైవర్ సీటులో మనిషి బరువు పెట్టి. ముందు చక్రాల క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలు) 4 డిగ్రీలు, క్యాంబర్ (చక్రం పక్కకు వాలు) మైనస్ 0.5, మొత్తం టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగిన తేడా) 2 మి.మీ. అప్పటి ఫ్యాక్టరీ క్యాస్టర్ అంకెలు ఆనాటి టైర్లకు సరిపోయేవి. వెడల్పు రేడియల్ టైర్లతో ఆ అంకెలు పెడితే వేగంలో స్టీరింగ్ గాలిలో తేలినట్టు ఉంటుంది.

1,500 కిలోమీటర్లకు మళ్లీ అన్నీ కొలిచాం. బ్లాకు నుంచి బ్యాటరీకి 0.17 వోల్ట్ అలాగే ఉంది. నిలబడినప్పుడు ఇంజన్ 96. వెనక భాగం ఇంకో 6 మి.మీ. దిగింది, పినియన్ 2.5 నుంచి 2.3కు మారింది. వెడ్జ్‌ల మీది యు-బోల్టుల్లో రెండు పావు చుట్టు తీసుకున్నాయి. వాటి మీద కొత్త గీతలు గీశాం. మళ్లీ 3,000 దగ్గర అవే రెండు యు-బోల్టులూ, ఆ కోణమూ చూడాలి.